తనిఖీ రోజు వంటావార్పు

సెప్టెంబర్ 22, 2011, గురువారం. ఉదయం ఏడున్నరకు కోరుట్ల–రుద్రంగి దారిలోని ఒక ఊరి ఉన్నత పాఠశాల తోటలో ఒక్క వంకాయ కూడా లేదు. ముందు రోజు సాయంత్రం రెండు గంపలకు సరిపడా ఉన్నాయి. ఈ రెండు సంగతులనూ కళ్లారా చూసిన మనిషి తాజున్నీసా.

ఆమె ఆ బడిలో వ్యవసాయం నేర్పుతుంది. బడి పిల్లలకు సాగు పాఠాలు చెప్పించడానికి హైదరాబాదులోని ఒక ట్రస్టు ఏటా గ్రాంటు ఇస్తుంది. ఆమె జీతం అందులోంచే వస్తుంది. ఆ రోజు పదకొండు గంటలకు ట్రస్టు అధికారి అబ్రార్ వచ్చి తోట చూడాలి. కాపు ఉంటే రెండో ఏడు గ్రాంటు ఉంటుంది, ఆమె ఉద్యోగమూ ఉంటుంది. కాపు లేకపోతే రెండూ ఉండవు. తెలంగాణ రాష్ట్రం కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో బడి మూసి ఉన్నా ఆమె రోజూ వచ్చి నీళ్లు పెట్టింది. మొక్కలకు సమ్మె సంగతి ఎవరూ చెప్పలేదు.

అటెండరు పోశం వరండాలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"పోశమన్నా, వంకాయలేవి?"

"టెంటుకాడికి పోయినయి మేడం. పొద్దుగాల్నే తెంపి ఇచ్చచ్చిన."

"ఎవలు తెంపుమన్నరు?"

"పెద్ద సారే. నిన్న మైకుల చెప్పిండు గదా. ఊరంత ఇన్నది, నువ్వినలేదా?"

ఊరి ముందు రోడ్డు మీద సమ్మె టెంటు వేసి వారం రోజులుగా వంటావార్పు నడుపుతున్నారు. వాహనాలను ఆపి, అక్కడే వండుకుని, అక్కడే తింటారు. బియ్యం, పప్పు, కట్టెలు ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతారు. ప్రధానోపాధ్యాయుడు సంజీవ్ సమ్మెలో చేరిన రోజు నుంచి టెంటులో ముందు వరుసలోనే కూర్చున్నాడు. ఆయన పేరు ఒక్కసారి కూడా చదవలేదు. బుధవారం గీత కార్మికుల సంఘం మూడు బస్తాల బియ్యం ఇచ్చి చప్పట్లు కొట్టించుకుంది. సంజీవ్ లేచి మైకు అందుకుని, "రేపటి కూర మా బడి పంట" అన్నాడు. ఆయనకూ చప్పట్లు కొట్టారు. తనిఖీ కూడా రేపేనన్న సంగతి ఆ చప్పట్లలో ఆయనకు గుర్తు రాలేదు.

ఎనిమిదింటికి తాజున్నీసా టెంటు దగ్గరికి వెళ్లి గుర్తు చేసింది.

"అరె, గది ఇయ్యాల్నేనా?" అన్నాడు సంజీవ్. "పోశాన్ని కోరుట్లకు తోలి రెండు కిలోలు కొనుక్కరమ్మందాం."

"కోరుట్ల బందు సార్. మీరే చేయించిన్రు."

ఆ పూట వంకాయలున్న చోటు ఒక్కటే, వంటల లక్ష్మవ్వ ముందున్న తాటాకు చాప. సంజీవ్ అక్కడికి వెళ్లి గొంతు తగ్గించి అడిగాడు.

"లక్ష్మవ్వా, గందుల ఒక గంప వాపస్ ఇయ్యవా? బడికి జర పనున్నది."

లక్ష్మవ్వ గొంతు తగ్గించలేదు. "తెలంగాణకు ఇచ్చిన వంకాయలు వాపస్ అడుగుతవా సారూ? రేపు రాష్ట్రమచ్చినంక అది గూడ వాపస్ అడుగుతవా ఏంది?"

మైకు దగ్గరున్నతను ఆ ప్రశ్నను, ఎవరిని అడిగిందో ఆ పేరుతో సహా, మైకులో చదివాడు. సంజీవ్ పేరు మైకులో వినిపించడం అదే మొదటిసారి.

చివరికి బేరం కుదిరింది. "ఉల్లిగడ్డలు కోసేటోళ్లు లేరు. మీ పోశాన్ని ఈడ ఇడిసిపెట్టు, గంప తీస్కపో" అంది లక్ష్మవ్వ. పోశం కత్తి పట్టుకుని ఉల్లిగడ్డల ముందు కూర్చున్నాడు.

"కాయలను దారంతోని చెట్లకు కడ్త" అన్నాడు సంజీవ్, గంప ఎత్తుకుంటూ.

"వద్దు సార్. ఉన్నది ఉన్నట్టు చెప్దాం. ఊరోళ్లు తిన్నరని చెప్దాం."

"తిన్న పంటను ఏ ఆఫీసరన్న రాసుకుంటడా మేడం? మీరు ఈడ్నే ఉండి ఆయన్ను జర ఆపుండ్రి. తోట సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి."

సంజీవ్ ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. ఈ పథకం కోసం జగిత్యాలలో మూడు రోజుల శిక్షణకు ఆయన్ను పంపారు. మొదటి రోజే మూడు రోజుల సంతకాలూ పెట్టి ఇంటికి వచ్చేశాడు. బడి ఆఫీసు గదిలో బ్యానర్లు కట్టడానికి సిరిసిల్ల నుంచి తెప్పించిన గులాబీ నూలు కండె ఉంది. దాన్ని తీసుకుని తొమ్మిదిన్నరకు పని మొదలుపెట్టాడు. ఏ మొక్క ఏదో చెప్పగల పోశం ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. వంగి కట్టాలంటే నడుము నొప్పి కాబట్టి సంజీవ్ నడుమెత్తు మొక్కలను ఎంచుకున్నాడు.

పదీ నలభైకి సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన అబ్రార్ జీపును టెంటు దగ్గర ఆపారు. తాజున్నీసా ఆపాల్సిన అవసరం రాలేదు. తినకుండా ఎవరినీ వదలడం లేదు. పన్నెండింటికి విస్తరి వేశారు.

"ఇంకింత ఏస్కో కొడుకా" అంటూ లక్ష్మవ్వ మూడోసారి కూర వేసింది.

"గీ వంకాయలు ఎక్కడివి అమ్మా? మస్తున్నయి."

"బడి పోరగాండ్లు పండిచ్చినయి. గీ పంతులమ్మనే నేర్పింది. మందు గూడ కొట్టలే, యాప కషాయమే."

పక్క విస్తరి ముందు కూర్చున్న తొమ్మిదో తరగతి ప్రవళిక, నారు పోసిన రోజు నుంచి మొదటి కోత దాకా ఏ వారం ఏం చేశారో చెప్పింది. అబ్రార్ చేయి కడుక్కుని ఫారం తీశాడు. తాజున్నీసా పక్క నుంచి తొంగి చూసి చదివింది. కాపు అన్న గడిలో, "తిన్నాను. బాగుంది" అని ఉంది.

ఆమె తనిఖీని అక్కడితో ముగించాలని చూసింది. "సార్, ఇంక తోట చూడకున్నా నడుస్తది గదా?"

"చూడకుంటె ఎట్ల మేడం? ఫొటో కావాలె."

ప్రవళిక దారి చూపించింది. పన్నెండూ నలభై అయిదుకు ముగ్గురూ జీపులో తోటకు చేరారు. గేటు దగ్గర సంజీవ్ నిలబడి ఉన్నాడు. చొక్కాకు దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"సూడుండ్రి సార్, ఎట్ల కాసినయో."

అబ్రార్ చూశాడు. ఒక్కో కాయకు రెండేసి గులాబీ రంగు దారపు ముడులు ఉన్నాయి.

"ఇవి ఏం చెట్లు సార్?"

"వంకాయ చెట్లు."

"మరి గా కింద ఉన్నయి?"

సంజీవ్ వాటిని అప్పుడే చూశాడు. "గవి ఇంక కాత పట్టలేదు సార్."

"సార్, గవే వంకాయ చెట్లు" అంది ప్రవళిక. "పొద్దుగాల పోశం మామ తెంపిండు. మీరు కట్టినయి బెండ చెట్లు."

"హైబ్రిడ్" అన్నాడు సంజీవ్.

అబ్రార్ నాలుగు ఫొటోలు తీశాడు. ఫారం మళ్లీ బయటికి తీసి, జీపు బానెట్ మీద పెట్టి పది నిమిషాలు రాశాడు. ఈసారి చేయి అడ్డం పెట్టుకుని రాశాడు. తాజున్నీసాకు ఒక్క అక్షరం కనపడలేదు. ఒంటి గంట దాటాక జీపు సిరిసిల్ల దారి పట్టింది.

"మంచిగనే అయింది గదా మేడం?" అని అడిగాడు సంజీవ్.

ఆమె తోట గేటు మూసింది. ఇంటికి వెళ్లి, వచ్చే నెల నుంచి బట్టలు కుట్టే పని చూసుకుంటానని భర్త మునావర్‌తో చెప్పింది. అతను అటక మీది కుట్టుమిషన్ దించి నూనె వేశాడు.

సమ్మె ముగిసింది. బడులు తెరిచారు. నవంబర్ 14న ట్రస్టు ఉత్తరం వచ్చింది. రెండో ఏడు గ్రాంటు మంజూరైంది. తాజున్నీసా ఉద్యోగం కొనసాగుతుంది. విద్యార్థులకు సాగు పరిజ్ఞానం తగినంత ఉందని ఉత్తరంలో రాశారు. శిక్షణ అవసరమైన వారు అన్న చోట అచ్చులో ఉన్న 'విద్యార్థులు' కొట్టేసి, పెన్నుతో 'ప్రధానోపాధ్యాయుడు' అని రాశారు. వారానికి రెండు తరగతులు, బోధన తాజున్నీసా, సహాయం ప్రవళిక.

డిసెంబర్ మొదటి వారంలో పరీక్ష జరిగింది. ఆకులు చూసి మొక్కల పేర్లు రాయాలి. సంజీవ్‌కు పదికి నాలుగు మార్కులు వచ్చాయి. పేపరు దిద్దింది ప్రవళిక.