చేతులెత్తేసిన కండక్టరు

సంగీతం బాగుపడాలంటే వాయించడం రానివాడు ఒకడు ముందు నిలబడి తీరాలి! ఇది నా సిద్ధాంతం. కాదన్నవాళ్ళు బెంగాల్లో మా ఖరిదా పేటకి వచ్చి నాతో వాదించవచ్చు. టీ నేనే ఇప్పిస్తాను.

ఆర్కెస్ట్రాలో అందరూ ఏదో ఒకటి వాయిస్తారు. ఒక్కడు మాత్రం ఏమీ వాయించకుండా, జనానికి వీపు చూపించి, గాలిలో చేతులు ఊపుతుంటాడు. వాడే కండక్టరు. చాలామంది వాణ్ణి దండగమారి మనిషి అనుకుంటారు. ఎంత అన్యాయం! ఆ దండగమారి మనిషిని నేనే కాబట్టి ఈ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

నా పేరు ఆర్థర్. రైల్వే ఆఫీసులో గుమాస్తాని. మా వీధి క్లబ్బు ఆర్కెస్ట్రాకి కండక్టర్నయ్యానని చెప్పగానే పక్కింటి చిట్టెమ్మ గారు ఎంత సంబరపడిందో! "ఏ బస్సు బాబూ? మిడ్నాపూర్ బస్సేనేటి? మా సెల్లి అందులోనే ఎల్తాది, కూకోడానికి జాగా సూపించు మరి," అంది.

అసలు కండక్టరు ఎందుకు అవసరమయ్యాడో చెబుతాను. కిందటేడాది క్రిస్మస్ ప్రోగ్రాంలో మావాళ్ళు పాట అందరూ కలిసే మొదలుపెట్టారు. ముగించడం మాత్రం ఎవరి వీలునిబట్టి వాళ్ళు ముగించారు. డోలు వాయించే నూకరాజు అందరికంటే ముందు చేరుకున్నాడు. ట్రంపెట్ లూకా ఆ తరవాత వచ్చాడు. ఫిడేలు వాయించే టీచరమ్మ సూసన్న వచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. విన్న మన తెలుగువాళ్ళందరూ ఒకే మాట అన్నారు: "దారుణం!"

క్లబ్బు సెక్రటరీ అప్పలకొండ గారికి కోపం వచ్చింది. ఆయన అప్పుడే క్లబ్బుకి కొత్త టేప్ రికార్డరు కొన్నారు. కొన్న దగ్గర్నుంచీ ఆయన వేళ్ళు ఆ బటన్ల మీదే ఉన్నాయి. "ఈ ఏడు కూడా ఇలగే తగలబెట్టినారంటే, వొచ్చే ఏడు నుండి కేసెట్టు ఎట్టీసుకుంటాం. ఆర్కెస్ట్రా గీర్కెస్ట్రా ఏటీ ఒద్దు," అని తేల్చిపారేశారు.

స్టేజీ మీద మేమా, క్యాసెట్టా? అదీ సమస్య. ఒక పెద్దదిక్కు కావాలన్నారు. వాద్యం లేకుండా చేతులు ఖాళీగా ఉన్నది నాకొక్కడికే. నన్ను ఎన్నుకున్నారు. కర్ర కోసం మా ఆవిడ రూతు అల్లిక సూది ఒకటి తీసుకున్నాను. ఆవిడ అల్లుతున్న స్వెటరు ఒంటిచేత్తో ఆగిపోయింది. సంగీతం కోసం ఆ మాత్రం త్యాగం ఉండొద్దూ!

సాయంత్రాలు సుభాష్‌పల్లిలో సూసన్న పాఠాలు చెప్పే బడిలో రిహార్సల్. రిహార్సల్‌లో కండక్టరు చేసే పని ఏమిటనుకుంటున్నారు? వాయించనివ్వకపోవడం! చక్కగా పోతున్న పాటని ఆపడం, "మళ్ళీ" అనడం. వాళ్ళు మొదలుపెడతారు. మళ్ళీ ఆపడం, మళ్ళీ "మళ్ళీ" అనడం. కొన్నాళ్ళకి నేను సూది ఎత్తగానే నన్ను తిట్టుకోవడానికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. అలా చూసుకోబట్టే పాట కలిసి మొదలైంది, కలిసి నడిచింది! ఈ రహస్యం పుస్తకాల్లో దొరకదు.

ఆఖరి చరణం ఉధృతంగా ఉండాలని ఒకరోజు రెండు చేతులూ పైకెత్తాను. అంతే! ఆర్కెస్ట్రా మొత్తం టక్కున ఆగిపోయింది.

"ఏటయింది? ఎందుకాపీసినారు?" అని అరిచాను.

లూకా ట్రంపెట్ దించాడు. అతను రైల్వే యార్డులో షంటింగ్, అంటే పెట్టెలు తగిలించే పని చేస్తాడు. "సేతులు రెండూ ఎత్తీసినారు గదా మాస్టారూ! ఎత్తితే ఆపాల. ఆపకపోతే బండి గుద్దీస్తాది."

రైలు గార్డు నూకరాజు కూడా అవునన్నాడు. రెండు చేతులెత్తితే ఆగు. ఒక చెయ్యి నిలకడగా చాపితే పద. ఆ చేతినే పైకీ కిందకీ ఊపితే మెల్లగా పద. రైల్వేలో ఇన్నేళ్ళు కుర్చీ మీద కూర్చుని జీతం తీసుకున్న నాకు ఈ ముక్క తెలియదు! నేను వాళ్ళని మార్చలేను కనుక నేనే మారాను. చెయ్యి చాపితే పాట కదిలేది, ఊపితే నెమ్మదించేది. లోకంలో ఏ కండక్టరుకైనా ఇంత క్రమశిక్షణ దొరికిందా? సస్పెండవుతామనే భయంతో తాళం తప్పకుండా వాయించేవాళ్ళు ఎవరికున్నారు?

ఇక ఎవరెంత గట్టిగా వాయించాలో చెప్పాలి. లూకా ట్రంపెట్ ఊదితే పక్కవీధి కుక్కలు లేస్తాయి. సూసన్న ఫిడేలు ఆవిడకే వినబడదు. న్యాయంగా లూకాని తగ్గించమనాలి. కానీ లూకాకి కోపం వస్తే రేపటినుంచి రాడు. సూసన్న వస్తుంది, చెప్పిన మాట వింటుంది. అందుకని రోజూ సూసన్నకే చెప్పేవాణ్ణి: "మెల్లగా అమ్మా, ఇంకా మెల్లగా."

"ఇంకా మెల్లగా అంటే పెట్టిలో ఎట్టి మూతేసి వాయించమంటావేటన్నయ్యా?" అనేది సూసన్న. పాలనాదక్షత అంటే ఇదే మరి! మాట వినేవాళ్ళకే కదా మాట చెప్పగలం?

క్రిస్మస్ వచ్చింది. స్టేజీ మీద, సరిగ్గా నా తలమీద వెలుగు పడాలని నేనే పట్టుబట్టి, పెద్ద వెదురు నక్షత్రం ఒకటి వేలాడదీయించాను. పాట మొదలైంది. బ్రహ్మాండంగా పోతోంది. ఆఖరి చరణానికి ముందు చరణంలో ఉండగా తాడు జారింది. నక్షత్రం నా నెత్తిమీదకి దిగుతోంది! ఏం చెయ్యను? రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నాను.

యార్డు యావత్తూ ఆగిపోయింది!

అయిపోయాం, క్యాసెట్టే గతి అనుకున్నాను. అప్పుడు వినబడింది ఫిడేలు. సూసన్న రైల్వే మనిషి కాదు. పైగా కళ్ళు మూసుకుని వాయిస్తోంది. నేను నక్షత్రం మోస్తున్నానని ఆవిడకి తెలియదు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ ఫిడేలు అంత బాగుంటుందని నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఎప్పుడైనా విననిచ్చానా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

చరణం పూర్తయ్యేసరికి అప్పలకొండ గారు స్టూలెక్కి తాడు బిగించారు. ఒక చెయ్యి దించాను. రెండోది తిమ్మిరెక్కి పక్కకి వాలి, చాపినట్టే బిగుసుకుపోయింది. ఒక చెయ్యి చాపితే ఏమిటి? పద! అందరూ ఒక్కసారిగా ఆఖరి చరణం అందుకున్నారు. హాలు దద్దరిల్లిపోయింది.

ముందు వరసలో బెంగాలీ బాబు ఒకాయన లేచి, "దారుణ్ దాదా! దారుణ్!" అన్నాడు. బెంగాలీలో దారుణ్ అంటే అద్భుతం. నక్షత్రాన్ని ఎత్తిపట్టి, అందరినీ ఆపి, ఒక్క ఫిడేలునే వినిపించడం గొప్ప ఊహ అట! వినయంగా తల వంచాను.

"ఏటన్నయ్యా, ఇయాళ మెల్లగా అన్లేదేటి?" అంది సూసన్న.

"సేతులు కాళీ లేవమ్మా," అన్నాను.

అప్పలకొండ గారు నన్ను కావలించుకున్నారు. "ఇంత బాగా ఒస్తాదని అనుకోనేదు! మొత్తం రికార్డు సేసీసినాను. ఇంక మీకెందుకండీ శ్రమ? వొచ్చే క్రిస్మస్‌కి ఇదే ఎట్టీద్దాం. ఠీక్ హై?"

చూశారా! పాడుచేస్తే క్యాసెట్టు, బాగుచేస్తే మా క్యాసెట్టు.

దాని కాపీ ఒకటి ఇంటికి తెచ్చి రూతుకి వినిపించాను. లూకా ఉన్నాడు, నూకరాజు ఉన్నాడు, నూకరాజు దగ్గు కూడా ఉంది. "మీరేటి, ఎక్కడా వినబడరే?" అంది. డోలూ ట్రంపెట్టూ టక్కున ఆగిపోయిన చోట, "ఇదిగో, ఇక్కడున్నాను," అన్నాను.

రూతు చెవి దగ్గరపెట్టి విన్నది. "ఇక్కడ సూసన్న గదా ఉంది," అంది.

నాకిప్పుడు ఒక్క రిహార్సల్ కావాలి. లూకా వైపు చూసి "మెల్లగా" అనాలి. సూసన్న వైపు చూసి "గట్టిగా అమ్మా, ఇంకా గట్టిగా" అనాలి. కానీ క్యాసెట్టుకి రిహార్సల్ అక్కర్లేదు కదా! రూతు తన సూది తను తీసేసుకుంది. స్వెటరుకి రెండో చెయ్యి వచ్చేసింది. నా చేతులే రెండూ ఖాళీ.