ఇంజన్ వెనకే ఉండాలి!

కారుకు ఇంజన్ వెనక ఉండటమే ధర్మం! ముందుండాలని వాదించేవాళ్ళు ఇంకా గుర్రబ్బండి దిగనివాళ్ళు. గుర్రం ముందుంటుంది కాబట్టి ఇంజనూ ముందుండాలట! మరి దానికి గడ్డి కూడా వేద్దామా?

మా మొరావియా ప్రాంతపు ఇంజనీర్లు ఈమధ్యే ఆ వాదానికి మంగళం పాడారు. నీటిబొట్టులా ముందు గుండ్రంగా, వెనక సన్నగా సాగిన కారొకటి తయారుచేశారు. వీపున చేపకున్నట్టు ఒక రెక్క. తోకలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్. దాన్ని చల్లబరచడానికి నీళ్ళు కూడా అక్కర్లేదు, గాలి చాలు! మిగతా కార్లు గాలితో కుస్తీ పడతాయి. ఇది గాలిని బుజ్జగించి పోతుంది.

వెనక ఏముందో అద్దంలో సరిగా కనబడదని కొందరి ఏడుపు. వెనకవాడు ఈ కారును అందుకుంటే కదా, కనబడటానికి!

ఇక అసలు వరం నిశ్శబ్దం. మోతంతా వెనక జనానికి వదిలేసి మనం హాయిగా ముందుకు పోతాం. ఆ వరం మా ఊళ్ళో మొదట దక్కింది మందుల షాపు ఒటాకర్ వ్రానాకు.

అతని పాత కారుకు ఇంజన్ ముందుండేది. అందులో ఒటాకర్, అతని భార్య హెడ్వికా ఏళ్ళ తరబడి ఒక్క పోట్లాట లేకుండా తిరిగారు. ఆదర్శ దంపతులని ఊరంతా మెచ్చుకుంది. ఆమె ఏం చెప్పినా ఆ మోతలో అతనికి వినబడేది కాదు. తలూపేవాడు.

కొత్త కారు కొన్న వారమే హెడ్వికా చెల్లెలి పెళ్ళి. సాక్షి సంతకం పెట్టాల్సింది హెడ్వికాయే. వెనక సీట్లో గసగసాల ముద్ద కూరిన రొట్టెల బుట్ట పెట్టుకుని ఇద్దరూ బయలుదేరారు. ఊరు దాటగానే ఒటాకర్ ఉలిక్కిపడ్డాడు.

"ఎవరు మాట్లాడేది?"

"నేనేనండీ. మలుపు దగ్గర నెమ్మది అంటున్నా."

"ఇవాళే మొదలెట్టావా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నా. మీకు ఇవాళ వినబడింది."

చూశారా సైన్సు మహిమ!

వినబడింది సరే, విన్నాడా? వినబడేలా చెయ్యడం ఇంజనీర్ల పని. వినడం మొగుడి పని! సున్నపురాళ్ళ కొండ దిగేటప్పుడు రైలుతో పందెం వేసినవాడిలా మలుపులోకి దూసుకెళ్ళాడు. సగం తిరిగాక భయమేసి బ్రేకు తొక్కాడు. అంతే! బరువంతా తోకలోనే కదా, తోకకు తొందరెక్కువైంది. తోక ముందుకొచ్చింది, ముక్కు వెనక్కి పోయింది. కారు బొంగరంలా గిర్రున తిరిగి, బాతుల గుంపును చెదరగొట్టి, ఇంటివైపు మొహం పెట్టుకుని లోయ అంచున ఆగింది.

ఒటాకర్ మొహం నిండా గసగసాల ముద్ద.

"హెడ్వికా... బతికే ఉన్నావా?"

"ఉన్నా. పక్కకు జరగండి."

"నీకేం తెలుసు డ్రైవింగ్?"

"మా నాన్న పిండిమర లారీ ఎవరు తోలారనుకున్నారు? వెనకంతా మూటలే. అదీ ఇలాగే తోక ఊపేది. మలుపు రాకముందే వేగం తగ్గించాలి, తిరిగేటప్పుడు బ్రేకు జోలికి పోకూడదు."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

హెడ్వికా అతనికేసి చూసింది. అంత నిశ్శబ్దంలో తనకు ఆ చూపు కూడా వినబడిందని ఒటాకరే నాతో చెప్పాడు.

పెళ్ళికి వేళకే చేరారు. సంతకం పడింది. తిరుగు దారిలోనూ ఆమే నడిపింది. ప్లం పళ్ళ సారా పుచ్చుకున్న ఒటాకర్ పక్కన కూర్చుని పాటలు పాడాడు. ఆమెకు అవీ వినబడ్డాయి, పాపం! ఏ వరమైనా ఒకరికే పరిమితం కాదు కదా.

ఆకులు రాలే కాలంలో మా మోటారు క్లబ్బు కొండెక్కే పందెం పెట్టింది. "కారు నాది, నడిపేది మా ఆవిడ" అన్నాడు ఒటాకర్. క్లబ్బు అధ్యక్షుడు లుమీర్ పోస్పీషిల్ గాభరాగా నిబంధనలు తిరగేశాడు.

"ఆడవాళ్ళు నడపకూడదని ఎక్కడా లేదే! అయ్యో, రాయడం మరిచిపోయాం!"

ముందు ఇంజన్ల కార్లు సగం కొండకే కుండలో పులుసులా పొంగి, ఆవిర్లు కక్కుతూ ఆగిపోయాయి. హెడ్వికా మలుపు మలుపుకీ ముందే వేగం తగ్గించి, తిరగ్గానే ఊపందుకుని, అందరికన్నా ముందు శిఖరం చేరింది. నేను టోపీ ఎగరేశాను. అది ఎవరి తలమీద పడిందో ఇప్పటికీ తెలియదు!

సభ జరిగింది. పోస్పీషిల్ గాలిని పొగిడాడు, ఆకారాన్ని పొగిడాడు, రెక్కను పొగిడాడు. ఇంజన్ మూత మీద విజయమాల వేయించాడు. కప్పు యజమానికి ఇచ్చాడు. "ఇది మా ఆవిడది..." అని ఒటాకర్ ఏదో చెప్పబోయాడు గానీ, బ్యాండు మేళం మొదలైపోయింది. ముందు కూర్చుని నడిపిన మనిషి జనం వెనక నిలబడి చేతి తొడుగులు విప్పుకుంటోంది.

అభినందించడానికి ఎవరూ రాకపోయేసరికి వెళ్ళి కారెక్కింది. ఒటాకర్ కప్పు చంకన పెట్టుకుని పరుగెత్తి పక్క సీట్లో దూరాడు. పోస్పీషిల్ ఫోటోగ్రాఫర్ని వెంటేసుకుని కిటికీ దగ్గరకు వచ్చాడు.

"అమ్మగారూ, ఒక్క ఫోటో! మీరు కాస్త దిగితే కారు బాగా కనబడుతుంది."

"నేను దిగితే ఇది కదలదండీ" అంది హెడ్వికా, కారు ముందుకు దూకిస్తూ.

ఆ ఫోటో మా క్లబ్బు గోడకు దర్జాగా వేలాడుతోంది. అందులో కాస్త దుమ్ము, గాల్లోకి లేచిన పోస్పీషిల్ టోపీ కనిపిస్తాయి. కింద పెద్ద అక్షరాలతో "విజేత" అని రాసి ఉంది.