నిలువెత్తు బెల్లం

"రేగొండ మండలంల లావు పిల్లల నెత్తురు బాగుచేసే బాధ్యత ఇగ నాది!" అని పార్టీ మండల అధ్యక్షుడు రాజమొగిలి మైకులో ప్రకటించగానే కార్యకర్త ముత్తయ్య కళ్లు చెమర్చాయి. మొదటి లబ్ధిదారు తన ఎనిమిదేళ్ల బిడ్డ స్పందనే మరి. రాజమొగిలన్న ఆ పిల్లను ఎత్తి చూపుదామనుకున్నాడు. నడుం ఒప్పుకోక వేలెత్తి చూపాడు.

అంతకుముందే భూపాలపల్లి డాక్టరమ్మ స్పందనకు రక్త పరీక్ష చేసి ముత్తయ్యకు చెప్పింది: "ఒంట్లో కొవ్వు పెరిగితే రక్తంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ తగ్గుతుంది. సెక్స్ హార్మోన్లను పట్టి ఉంచేది అదే. ఇలాగే వదిలేస్తే పిల్ల ఈడు రాకముందే పెద్దమనిషి కావచ్చు. తీపి మాన్పించండి, ఆడించండి."

రాజమొగిలి వైద్యం అంతకంటే ఘనమైంది. జాతర మొక్కులా పిల్లను కాంటాలో కూర్చోబెట్టి, నిలువెత్తు బెల్లం తూచి జనానికి పంచాడు. జనం విరగబడ్డారు. మొగుళ్లపల్లి, ఘనపూర్ కూడా పిలిచాయి.

"ముత్తన్నా, బిడ్డ బరువు తగ్గద్దు. బెల్లం తగ్గితె జనం తగ్గుతరు. నాకు టికెట్ రాదు, నీకు యూత్ పదవి రాదు."

"మరి రోగం సంగతేందన్నా?"

"ఎలక్షన్లయినంక తగ్గిద్దాం. తొందరేంది?"

ఇంట్లో ఈ మాట చెబితే భార్య కల్పన చీపురు పక్కన పడేసింది. "దానికింక జడేసుకునుడే రాదు. గప్పుడే పెద్దమనిషైతె నీ రాజమొగిలొచ్చి చూస్తడా?"

మర్నాటి నుంచి ఇంట్లో తీపి బందు. పొద్దున్నే పత్తి చేను గట్ల మీద తల్లీబిడ్డల ఉరుకులు. సభ రోజు మాత్రం కల్పన బిడ్డ లంగా మడతల్లో ఇసుక మూటలు కుట్టేది. ముత్తయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పిల్ల ముఖం చిక్కిన సంగతి పార్టీలో ఎవరికీ తెలియలేదు. నాయకులు చూసేది కాంటా ముల్లునే.

కొన్ని నెలలకు జరిగిన మానుకోట సభకు డాక్టరమ్మ ముఖ్య అతిథి. "మొన్నటి పరీక్షలో స్పందన ఎస్‌హెచ్‌బీజీ మామూలుకొచ్చింది. బరువు తగ్గి ఉంటుంది..." అంటూ కాంటా వైపు చూసింది. బరువు అరకిలో పెరిగింది. ఆమె వంగి ముల్లును మళ్లీ చూసింది.

రాజమొగిలి అంతసేపు ఆగలేదు. మైకు గుంజుకున్నాడు.

"చూసిండ్రా! బరువు తగ్గలే, ప్రోటీన్ పెరిగింది! గిది బెల్లం మహిమ! జనగామ నుంచి భూపాలపల్లి దాంక, లావు పిల్లలందరికి రోజుకో బెల్లం గడ్డ!"

చప్పట్లు. ముత్తయ్య మెడలో యూత్ పదవి దండ పడింది.

నిజం చెప్పేద్దామని కల్పన లేవబోయింది. ముత్తయ్య చెయ్యి పట్టుకున్నాడు. "కూసో. మన బిడ్డ బాగైంది గదనే."

కల్పన కూర్చుంది. తల్లులు బొద్దు పిల్లల్ని చంకనేసుకొని బెల్లం కోసం అప్పటికే లైను కట్టారు.