బాసును తిట్టని మనిషి

ఆస్ట్రేలియా ఖండాన్ని శత్రువుల బారి నుంచి కాపాడుతున్నవాణ్ణి నేనే. నా ఆయుధం కత్తెర.

నవలల్లో గూఢచారికి చప్పుడు చెయ్యని పిస్తోలు, విషపు ఉంగరం, హోటల్ గదిలో ఎదురుచూసే అందగత్తె ఉంటారు. నాకు కాన్‌బెర్రాలో కిటికీ లేని గది, జిగురు సీసా, పసిఫిక్ దీవుల పత్రికలు ఉన్నాయి. ఎండుకొబ్బరి ధర, మంత్రిగారి మేనల్లుడి పెళ్లి, ఓడల రాకపోకలు అన్నీ కత్తిరించి, కాగితానికి అంటించి, పైన 'అతి రహస్యం' అని ముద్ర వేస్తాను. అక్కడ చేపలు చుట్టి ఇచ్చే కాగితం మా ఆఫీసుకు రాగానే దేశ రహస్యమైపోతుంది.

పైకి మాత్రం నేను ఉన్ని లెక్కల శాఖలో గుమాస్తాను. ఆ రహస్యాన్ని దాచడం నా ధర్మం. ఏదో దాస్తున్నానని నలుగురికీ అనిపించాలన్నది నా సరదా. అందుకే వాన పడుతున్నా నల్ల కళ్లద్దాలు తీసేవాణ్ణి కాదు. ఆదివారం ఎవరి పెరట్లోనో నిప్పుల మీద సాసేజీలు కాలుతుంటే, బీరు సీసాలు పట్టుకుని అందరూ ఆఫీసు గోడు వెళ్లబోసుకునేవారు. నన్నడిగితే "చెప్పుకోవడానికేముంది" అని ఆకాశం వంక చూసేవాణ్ణి.

పక్కింటి డెస్ హాన్రహన్ మురుగుకాల్వల శాఖ. వాడి ఏడుపంతా పైఅధికారి ప్రింగిల్ మీద. "ఆ ప్రింగిల్ గాడు నా కుర్చీ కూడా లాక్కున్నాడోయ్. నడుం నొప్పట, వాడికి మెత్తనిది కావాలట." మా ఆవిడ గ్లెనిస్‌ది లైబ్రరీ ఉద్యోగం. ఆమెకు పైఅధికారి మిస్ ట్వీడీ అనే శని. వాళ్ల చిన్న బతుకుల మీద నాకు జాలేసేది.

"నా గుండెల్లో ఎన్ని రహస్యాలున్నాయో నీకేం తెలుసు గ్లెనిస్" అనేవాణ్ణి.

"గుండెల సంగతి తర్వాత. కాలరుకు జిగురంటింది, విప్పు."

ఇలా ఉండగా ఫిజీలోని సువాలో మా ఆఫీసుకు ఒక మనిషి కావాల్సొచ్చింది. ఇన్నేళ్లూ కాగితం మీద కత్తిరించిన సముద్రాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కొత్త కళ్లద్దాలు కొనుక్కుని ఇంటర్వ్యూకి వెళ్లాను. మధ్య కుర్చీలో డెస్ కూర్చుని ఉన్నాడు.

"కూర్చోవోయ్ లయొనెల్."

"మురుగుకాల్వల వాళ్లకిక్కడేం పని?"

"ఆ శాఖ గుమ్మం నేనెప్పుడూ తొక్కలేదు."

"మరి ప్రింగిల్?"

"వాడు లేడు. వాడి నడుం నొప్పి కూడా నేనే పుట్టించా." డెస్ నిట్టూర్చాడు. "నువ్వు గూఢచారివని మన వీధంతా ఎప్పుడో కనిపెట్టేసింది."

"కళ్లద్దాల వల్లా?"

"అవి చూసి నీకు కళ్లకలకేమో అనుకున్నారు. ఈ ఊళ్లో సర్కారు ఉద్యోగం చేస్తూ బాసును ఒక్కసారైనా తిట్టనివాడు నువ్వొక్కడివే. మొదటి ఆదివారమే దొరికిపోయావు. సువాకి వేరే మనిషిని పంపుతున్నాం. బాసును తిట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి."

కళ్లద్దాలు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. నిజంగా ఏడుపొచ్చింది. గ్లెనిస్ పెట్టె సర్దుతోంది.

"చూశావా ట్వీడీ నిర్వాకం? నన్ను సువా లైబ్రరీకి తోసేసింది. ఆ ఉక్కలో పుస్తకాలకి బూజు దులపాలట."

ఆ ట్వీడీని నేనెప్పుడూ చూడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఎలా ఉంటుంది ఆవిడ?" అన్నాను.

"పొట్టిగా. నడిస్తే చెప్పులు కిర్రుమంటాయి. ఏం?" తడుముకోకుండా చెప్పింది. "భర్తకీ టిక్కెట్టు ఇస్తారట. నువ్వూ రా. నీకిక్కడ పెద్ద పనేం లేదుగా."

నేను కుర్చీలో కూలబడ్డాను. "మా బాసున్నాడు చూడూ, దుర్మార్గుడు..." అని మొదలుపెట్టాను.

గ్లెనిస్ పెట్టె మూసి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఊఁ, చెప్పు. ఇన్నాళ్లకి గుమాస్తాలా మాట్లాడుతున్నావు."