మైనస్ మాస్టారి యాంటెనా దిగ్విజయం

భర్తమీద ఫిర్యాదు చేయదలచిన ఇల్లాలికి మాటలు కరువు కావు. వినేవారికి ఓపిక కరువగును. కనుక ఈ గాథలోని ఇల్లాలు తన ఇన్నేళ్ల కాపురమును వడగట్టి, పిప్పి పారబోసి, ఒకే ఒక్క ఫిర్యాదును సీసాలో పోసి మూత బిగించి దాచుకొన్నది. అది ఏదనగా, ఆమె పెనిమిటి నోట ఏనాడును "నాదే తప్పు" అన్న మాట వెలువడలేదు. మేకు వంకరగా దిగినచో గోడది తప్పు. బస్సు వెళ్లిపోయినచో, చెప్పిన వేళకే బయలుదేరు దురలవాటు గల ఆ బస్సుది తప్పు. స్వయముగా తలుపు లాగి, తాళపుచెవిని లోపలనే మరచి, కుటుంబసమేతముగా మెట్లమీద కూర్చుండవలసి వచ్చిన నాడు సైతము ఆ మహానుభావుడు తలుపువంక అదోలా చూచి, "దీనికి బొత్తిగా బాధ్యత లేదు" అనెను.

సహస్రకిరణుడు నడిమింటికెక్కి డాబాలమీది నీళ్లట్యాంకులను కషాయమువలె కాచుచున్న ఒకానొక దినమున, బడులకు సెలవులైన వేళ, మూడంతస్తుల భవనమున పై అంతస్తునందు, ఆరవేసిన దుప్పట్లు జయపతాకలై రెపరెపలాడు డాబా కింద, ముందుగది, వంటగది, పడకగది మాత్రమే ఎల్లలుగా గల సామ్రాజ్యమును ఏలుచున్న ఆ వీరుని దిగ్విజయము వినుడు. ఆతడు లెక్కల మాస్టారు. త్రికోణమితిమదగజకుంభవిదళనసింహుడు, రక్తవర్ణలేఖినీఖడ్గధరుడు, ఋణచిహ్నరక్షాదీక్షాదక్షుడు. ఈ చివరి బిరుదునకొక కథ కలదు. లెక్కంతయు సరిగా చేసి, ఎక్కడో ఒకచోట మైనస్ గుర్తు వదలివేసిన విద్యార్థికి ఆతడు నిండుసున్న చుట్టును. సగము మార్కైనా ఇమ్మని తల్లిదండ్రులు వచ్చి బతిమాలినచో, "చిన్న గీతే కదా అంటారా? ఆ చిన్న గీత లేకపోతే గొయ్యికీ గుట్టకీ తేడా ఉండదండీ" అని సాగనంపును. అందుచేత పిల్లలు ఆతనికి పెట్టిన పేరు మైనస్ మాస్టారు. ఆ పేరు ఆతనికి తెలియును. లోలోపల గర్వము కూడ.

ఆ ఇంట ఇంటర్నెట్టు అనునది, ఒక సిమ్‌కార్డును మింగి, ముందుగది కిటికీ పక్క బల్లమీద పచ్చకన్ను ఆర్పుచు వెలిగించుచు కూర్చున్న తెల్లడబ్బానుండి రావలెను. రావలెను గాని రాదు. నాలుగు కడ్డీల సిగ్నలుండవలసిన చోట ఒకే కడ్డీ, అదియు జ్వరము తగిలి లేచినదానివలె నిలువలేక నిలిచియుండును. ఏ వీడియో తెరచినను తెరనడుమ నిరంతరభ్రమణశీలమైన ఒక శ్వేతచక్రము ప్రత్యక్షమగును. "ఈ సీరియల్లో రోజూ ఈ చక్రమేనా, మనుషులు రారా?" అని అత్తగారు అడుగుచుందురు.

ఆ చక్రముతో ఇల్లాలికి పగ కలదు. పేపరు తిరగేయుటకు బద్ధకించు అత్తగారికి ఏళ్ల తరబడి చదివి వినిపించి పదునెక్కిన కంఠము ఆమెది. చూపులేనివారికొరకు పుస్తకములు చదివించి రికార్డు చేయు ఒక సంస్థవారు, వీడియోలో పరీక్షించి చదువరిగా తీసికొందుమనిరి. మొన్న జరిగిన మొదటి పరీక్షలో ఆమె "అరుణోదయ" అన్నంతనే చక్రము తిరిగెను. మూయబోయిన కన్ను సగము మూసినట్లు, తెరచిన నోరు తెరచినట్లు, ఆవులించుచున్న శిలావిగ్రహమువలె ఆమె రూపము నిలిచిపోయెను. అవతలివారికి చేరినది "అ" ఒక్కటే. వారు దయతలచి మరొక్క అవకాశమిచ్చిరి. కడసారిది. అది ఈనాటి సాయంత్రము నాలుగు గంటలకు.

మొదటి పరీక్ష పోయిననాడు ఆమె గిన్నెలను కాస్త గట్టిగా తోమెను. ఆ కాంస్యభేరీనిస్వనమును పక్కగదినుండి ఆలకించిన మాస్టారు, దిద్దుచున్న పేపర్లను పక్కన పెట్టి, మనసులోనే ప్రతిజ్ఞ పట్టెను. ఆ ప్రతిజ్ఞకు పుట్టినదే యాంటెనా.

ఇనుపగొట్టము కొసన, కండంతయు తినివేసిన చేపముల్లువలె వరుసపళ్లతో భాసిల్లుచు, వీపునుండి నల్లని తీగను కిటికీగుండ లోపలికి దించి తెల్లడబ్బాను కాటువేసిన ఆ దివ్యాయుధపు మహిమ ఒక్కటే: టవరున్న దిక్కునకు సరిగా గురిపెట్టినచో దూరపు సిగ్నలును దోసిట పట్టి ఇంటికి తెచ్చును, గురి తప్పినచో ఆకాశమును గోకుచు నిలుచుండును. ఆ దిక్కు ఏదో కనుగొనుటయే యుద్ధము.

వ్యూహము పన్నబడెను. డాబామీద పానా ధరించి మాస్టారు. మెట్లమీద ఫోను ధరించి అత్తగారు. డబ్బాకు అందుచున్న సిగ్నలెంతో అంకెలలో చూపు యాప్ ఆ ఫోనులో ఉన్నది. కింద ముందుగదిలో ల్యాప్‌టాప్ ఎదుట ఇల్లాలు.

"అమ్మా, ఎంతుంది?" పైనుండి సింహనాదము.

"ఎనభై నాలుగురా. ముందొక గీత కూడా ఉంది."

"అది స్క్రీన్‌గార్డు మీద గీతలేమ్మా. నీ ఫోన్ నిండా గీతలేగా. అంకె చెప్పు, చాలు."

"నీ ఇష్టం. ఎనభై నాలుగు."

"ఎనభై నాలుగంటే ఫస్ట్‌క్లాసే. కానీ నేను పట్టుకున్నాక ఫస్ట్‌క్లాసుతో సరిపెట్టుకుంటానా?"

అని పలికి ఆ వీరుడు, స్వేదబిందుసందోహము నుదుటినుండి ముక్కుకొనకు, ముక్కుకొననుండి మీసమునకు ధారలు కట్టుచుండగా, గొట్టమును ఇరుచేతుల బంధించి, ఎండకు కాలుచున్న నాపరాళ్లపై చెప్పుల్లేని పాదములతో మార్చిమార్చి తాండవించుచు, యాంటెనాను జానెడు తిప్పెను. "తొంభై ఒకటి!" అనెను అత్తగారు. మరి జానెడు. "తొంభై ఎనిమిది!" దిక్కులు ఒక్కొక్కటిగా ఆతని ముందు తలవంచెను. దుప్పట్లు చప్పట్లు కొట్టెను. నీళ్లట్యాంకుమీది కాకి ఒకటి ఆ ఉద్ధతికి వెరచి పక్కింటి ట్యాంకునకు వలసపోయెను. అంతట, మొదట గురిపెట్టిన దిక్కునకు సరిగ్గా వెన్ను చూపునంతగా యాంటెనా తిరిగిన క్షణమున, మెట్లమీదనుండి అత్తగారి కేక మిన్నుముట్టెను.

"ఒరేయ్! నూట పద్దెనిమిది!"

మాస్టారు పానాను ఆకాశమునకెత్తెను. తరగతిగదిలో ఐదు వరుసల ఆవలి బెంచీని సైతము నిద్రలేపగల కంఠముతో ఇట్లు గర్జించెను: "విన్నారా దిక్కుల్లారా! నూటికి నూట పద్దెనిమిది! నా సర్వీసులో ఎవ్వడికీ నూటికి నూరు వెయ్యనివాణ్ణి, ఇవాళ నాకు నేనే నూరు దాటించుకున్నాను! ఇంక ఈ గొట్టాన్ని కదిపే మొనగాడు పుట్టలేదు!" అని, పుట్టకుండునట్లు, బోల్టును పానాతో బిగించెను. చాలునన్న తరువాతను బిగించెను. లోపల ఏదో కటుక్కుమనెను. జయోత్సాహబధిరుడైన ఆతనికి అది వినపడలేదు.

కింద కడ్డీలు ఒక్కొక్కటిగా రాలి, మిగిలిన ఒక్క కడ్డీ కాస్తా పోయెను. చక్రము కూడ తిరుగుట మానెను.

ఇల్లాలు కిటికీలోనుండి తల బయటపెట్టెను. "ఏమండీ! మీకక్కడ అంకె పెరిగేకొద్దీ నాకిక్కడ సిగ్నల్ తగ్గుతోంది. ఎక్కడో తేడా కొడుతోంది!"

పిట్టగోడమీదుగా మాస్టారు ఆమెవంక వీక్షించెను. ఓ ముగ్ధా, గణితమహార్ణవమున మునిగి తేలిన నా ముందు, ఒడ్డున నిలిచి పాదములు తడుపుకొను నీవు సందేహము వెలిబుచ్చుటయా, అని ఆ చూపునకు తాత్పర్యము. నోట వచ్చిన మాట మాత్రము, "లెక్కలు నాకొదిలెయ్. నువ్వు నీ పాఠం చూసుకో."

గడియారము మూడున్నర చూపుచున్నది. ఆమె మెట్లెక్కి అత్తగారి చేతిలోని ఫోనును చూచెను. నూట పద్దెనిమిది, దాని ముందు వెంట్రుకవంటి సన్నని గీత. కొంగుతో తుడిచెను. పోలేదు. గోటితో గీకెను. పోలేదు. వేలితో తెరను పైకి జరుపగా అంకెతోపాటు గీత కూడ బుద్ధిగా పైకి జరిగెను.

"నేను ముందే చెప్పానే, గీతుందని," అనిరి అత్తగారు. "నా మాట ఎవడు వింటాడు ఈ ఇంట్లో."

అప్పుడామె అక్కడినుండే అరచి చెప్పవచ్చును. చెప్పలేదు. కిందికి దిగి, మాస్టారు దగ్గరి అక్షరములు చూచుటకు వాడు కళ్లజోడును టీవీ పక్కనున్న పెట్టెనుండి తీసి, మసి లేకుండ తుడిచి, ఫోనుతో సహా డాబామీదికి వెడలెను. ముఖమున తొలి బెంచీ విద్యార్థినికుండవలసిన వినయము.

"మాస్టారూ, చిన్న డౌటండీ."

"ఇప్పుడా?"

"మైనస్ ఎనభై నాలుగు పెద్దదా, మైనస్ నూట పద్దెనిమిది పెద్దదా?"

"మైనస్ ఎనభై నాలుగు. ఆరో క్లాసు లెక్క అది. ఎందుకూ?"

ఆమె కళ్లజోడు అందించెను. తరువాత ఫోను అందించెను. మాస్టారు జోడు ధరించెను, చూచెను, ఫోనును దూరము జరిపి చూచెను, దగ్గరకు తెచ్చి చూచెను. ఆ గీత మైనస్ గుర్తే; సిగ్నలు కొలతలన్నియు సున్నకు దిగువనే, సున్నకు దగ్గరైనకొద్దీ బలము. వలసపోయిన కాకి తిరిగి వచ్చి ట్యాంకుమీద వాలెను.

"ముందు గుర్తు వదిలేసినవాడికి ఎన్ని మార్కులేస్తారండీ మీరు?"

ఎండిన బోరుపంపునుండి తొలిచుక్కవలె, ఒక్క మాట వెలువడెను. "సున్న."

"మరి తప్పెవరిదంటారు?"

మాస్టారు ఆకాశమును చూచెను, ఫోనును చూచెను. "ఈ యాప్ చేసినవాళ్లు ఆ గీత ఇంకాస్త లావుగా పెట్టుండాల్సింది," అనెను.

సీసా మూత సీసాకే ఉండిపోయెను. కాని కాలము లేదు. మాస్టారు బోల్టు వదులుచేసి, తాను జయించిన దిక్కులనన్నింటిని ఒక్కొక్కటిగా వాటి సొంతదారులకు అప్పగించుచు, యాంటెనాను వచ్చిన దారినే వెనుకకు తిప్పసాగెను. యుద్ధములలోకెల్ల విచిత్రమైనది ఆ యుద్ధము. అందు పతనమే పురోగమనము.

"అయ్యో, నూట ఎనిమిదికి పడిందిరా!" అని మెట్లమీద, ఫోను తిరిగి అందుకొన్న అత్తగారి శోకము.

"పడనియ్యమ్మా!"

"తొంభై ఐదు! పొద్దుటినుంచీ పడ్డ కష్టమంతా పోతోందిరా నాయనా!"

"పోనియ్యి!"

"ఎనభై నాలుగు! మొదటికొచ్చాం!"

"మూడు కడ్డీలు!" అని కిటికీనుండి ఇల్లాలి కేక. "ఇక కదపకండి!"

మాస్టారు బోల్టు బిగించెను. అది గిర్రున తిరిగెను. మరల బిగించెను. మరల గిర్రున తిరిగెను. తొల్లి జయోత్సాహమున వినపడని ఆ కటుక్కుమను శబ్దము, బోల్టు మరలు అరిగి ఊడిన శబ్దమని అప్పుడు తెలియవచ్చెను. చేయి వదలినంతనే ఆ దివ్యాయుధము అవమానభారమున తల నేలకు వాల్చెను. నాలుగు గంటలకు ఇంక ఐదే నిమిషములు. కొత్త బోల్టు కొరకు వీధి చివరి దుకాణమునకు పోయి వచ్చు వ్యవధి లేదు.

మాస్టారు గొట్టమును ఎత్తి, గుండెకు హత్తుకొని నిలిచెను. "నువ్వెళ్లి కూర్చో. నేను పట్టుకుంటాను."

"చాలాసేపు పడుతుందండీ. ఎండ."

"వెళ్లమన్నానా! ఈసారి నువ్వు ఆవులించకూడదు."

ఆవల పరీక్షాధికారిణి తెరపై ప్రత్యక్షమయ్యెను. ఇవతల ఇల్లాలు కంఠము సవరించుకొనెను. పైన, కన్నులలోనికి చెమట కారుచుండ, తుమ్ము వచ్చి ముక్కుకొసన గుడారము వేసికొనియుండ, కొయ్యబొమ్మవలె కదలక మెదలక ఆ సజీవస్తంభము నిలిచెను. అంతలో గాలి వీచి, జయపతాకలలో పెద్దది తీగనుండి విడివడి ఎగిరివచ్చి ఆతనిని నఖశిఖపర్యంతము చుట్టివేసెను. ఆతడు దానిని తొలగించుకొనలేదు. తొలగించుటకు చేయి కావలెను. చేతులు రెండును ఆమె వాక్యములను మోయుచున్నవి.

"అరుణోదయమైంది," అని చదివెను ఇల్లాలు. చక్రము రాలేదు. "ఆమె లేచి తలుపు తీసింది. వాకిట్లో ఎవరూ లేరు, నిన్నటి చలి తప్ప..." వాక్యము వెంట వాక్యము తీగలోనుండి పైకెక్కి, దుప్పటి కప్పుకొన్న ఆ శూరుని చేతుల మీదుగా గాలిలోనికి దూకి, అందవలసినవారికి అందెను. పుట తిరిగెను. ఇంకొక పుట తిరిగెను.

"చాలా బాగా చదివారండీ," అనెను అధికారిణి. "వచ్చే వారం నుంచి మొదలుపెడదాం. ఒక్క నిమిషం లైన్లోనే ఉండండి, రికార్డింగ్ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటాం."

వినుడు సకలదిశావాసులారా! ఆ విధముగా, ఏ దిక్కునుండి బయలుదేరెనో ఆ దిక్కునకే తిరిగి చేరి, ఒక బోల్టును బలియిచ్చి, ఒక దుప్పటిని మాపి, ఒక కడ్డీ సిగ్నలును మూడు కడ్డీలుగా వర్ధిల్లజేసిన ఆ మహావిజయము ఆచంద్రార్కము, లేదా కరెంటు పోవువరకు, వెలుగొందుగాక!

"అయిందా?" దుప్పటిలోనుండి, డాబామీదనుండి.

"అయిందండీ! తీసుకున్నారు!"

"దించనా మరి?"

"ఒక్క నిమిషం పట్టుకోండి, ఇంకా లైన్లోనే ఉన్నారు. ఈలోగా మీరు చెప్పాల్సిందేమైనా ఉంటే చెప్పెయ్యండి."

దుప్పటి గొణిగెను. మెట్లమీద అత్తగారు చెవి రిక్కించిరి. "ఏదో తప్పు అంటున్నాడే."

"ఎవరిదట అత్తయ్యా?"

"ఒరేయ్, ఎవరిదట్రా?"

"నాదే!"

"ముక్కలు ముక్కలుగా కాకుండా మొత్తం కలిపి చెప్పమనండి అత్తయ్యా," అనెను ఇల్లాలు, సీసా మూతపై చేయివేసి. "ముందుదీ వెనకదీ ఏదీ వదిలెయ్యకుండా."

డాబామీద దుప్పటి ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చి ఉబ్బెను. కడపటి బెంచీని నిద్రలేపు ఆ కంఠము కిటికీలోనుండి, గదిలోనుండి, తెల్లడబ్బాలోనుండి దూసుకొనిపోయెను.

"నాదే తప్పు! మైనస్ ఉంది, నేనే చూసుకోలేదు! యాప్‌దీ కాదు, గీతదీ కాదు, నాదే తప్పు!"

ల్యాప్‌టాప్‌లో అధికారిణి తల ఊపెను. "చాలా స్పష్టంగా వినపడిందండీ. ఎక్కడా తెగలేదు."