తప్పుల్లేని వార్డు

మా ఆయన విజయ్‌కుమార్ మీద నాకొక ఫిర్యాదు ఉంది. తిన్న కంచం ఎత్తరు, తడి తువ్వాలు మంచం మీదే వదిలేస్తారు. తాను రాసే కంప్యూటర్ కోడ్‌లో మాత్రం లైను చివర ఒక్క ఖాళీ మిగిలినా ఆయనకు అన్నం సయించదు.

ఆయన చంద్రపూర్‌లో మా వార్డు నాయకుడు ధనరాజ్ భావు (ఇక్కడ భావు అంటే అన్న) వెబ్‌సైటు పని చూసుకుంటారు. వచ్చే ఆదివారం మాది 'దేశంలోనే మొదటి తప్పుల్లేని డిజిటల్ వార్డు' కాబోతోందని భావు గారు ముందు ఫ్లెక్సీలు కట్టించి, ఆ తర్వాత కంప్యూటర్ చూశారు. దూరదృష్టి అంటే అదే. తెర నిండా ఎర్రగీతలు.

"ఏంది విజయ్, ఇవి ఎవలు గీసిండ్రు? అవతలి పార్టోళ్లా?"

"కాదు భావూ, కోడ్ రాసే ఎడిటర్ సాఫ్ట్‌వేరే గీసింది. మన కోడ్‌ల తప్పులు. నాలుగు వందల పన్నెండు."

"ఆదివారానికి సున్నా కావాలె. లేకుంటే నీ కుర్చీల ఇంకొకలు కూసుంటరు."

"చేత్తో దిద్దితే నెల పడ్తది. ఒక టూల్ ఉంది, ఒక్క కమాండ్ కొడితే అన్నీ అదే దిద్దుతది. కాకుంటే ఎవలూ వాడనివి తీసి పారేస్తది. ఏమేం పోతయో ఇగో జాబితా. చదివి సంతకం పెట్టుండ్రి."

"చదువుడెందుకు? వాడనిది పోతే మంచిదే."

భావు గారు చదవకుండానే సంతకం పెట్టారు. ఇరవై ఏళ్ల ప్రజాసేవ ఊరికే పోదు.

ఆదివారం లాప్‌టాప్‌కు శాలువా కప్పి కొబ్బరికాయ కొట్టారు. ముందు వరుసలో నా పక్కన రుక్కమ్మ కూర్చుంది. మూడు నెలలుగా ఆమె ఇంటి నల్లాలో నీళ్లు రావడం లేదు. రోజూ పొద్దున్నే ఫోన్‌లో ఆ వెబ్‌సైటు తెరిచి తన ఫిర్యాదు ఉందో లేదో చూసుకుంటుంది.

భావు గారు స్వహస్తాలతో ఎంటర్ నొక్కారు. నాలుగు వందల పన్నెండు సున్నా అయింది. చప్పట్లు మోగాయి. అందరికీ కనిపించేలా మా ఆయన వెబ్‌సైటు తెరిచారు.

భావు గారి పద్నాలుగు పథకాలు లేవు. వాటి పక్కనుండే పద్నాలుగు ఫొటోలూ లేవు. తెల్లటి పేజీ మీద ఒకే ఒక్క వాక్యం మిగిలింది: రుక్కమ్మ ఇంటి నల్లాకు నీళ్లు వస్తలేవు.

"నా పథకాలేవి విజయ్?"

"పెట్టినప్పటి సంది వాటిల ఒక్క మనిషి పేరు గూడ ఎక్కలే భావూ. జాబితాల మొదటి పద్నాలుగు అవే."

"మరి ఇదెందుకు పోలే?"

"నేను రోజూ చూస్తున్న గదా బిడ్డా," అంది రుక్కమ్మ.

భావు గారు మా ఆయన చెవి దగ్గరికి వంగారు. చేతిలోని మైకు ఆపడం మరిచిపోయారు. సభంతా విన్నది.

"తప్పు నాదే విజయ్. ఎర్రగున్నప్పుడే మంచిగుండె. మళ్ల ఎర్రగ చెయ్."