సందు మాది, నీళ్ళు మీవి

ఆ ఉదయం డ్రిల్లు మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పడకగది గోడకి సున్నం వేయడం, స్నానం చేయడం, టిఫిను తినడం. మాస్టారు రిటైరైనా ఆయన మెడలో విజిల్ ఇంకా రిటైరవలేదు. అందుకని ఒక్క ఊదు ఊది మరీ మంచం జరిపారు. మంచం వెనక గోడ చూడగానే విజిల్ నోట్లోంచి జారిపోయింది.

కిటికీ మూల నుంచి నేల దాకా పగులు! చూపుడు వేలు పెడితే దూరిపోయింది. పైగా తడిసింది.

భార్య వచ్చి చూసి, "తమ్ముణ్ణి పిలుస్తానండీ," అంది.

అంతే, మాస్టారు ఒంటికాలి మీద లేచారు. ఎందుకు లేవరు మరి? ఆ తమ్ముడు తాపీమేస్త్రీ. ఈ ఇంటికి పునాది తీసేరోజున మాస్టారు ఎంతో ముచ్చటపడి, తనకు తెలిసిన పద్ధతిలో, సున్నప్పొడితో నేలమీద గీతలు గీసుకున్నారు. ఆ బావమరిది కుర్రకుంక వచ్చి, "బావా, ఇది ఇల్లా, పరుగుపందెమా?" అన్నాడు. కూలీలు నవ్వారు. ఇటుకల బండివాడు నవ్వాడు. కట్టుకున్న భార్య కూడా మొహం అటు తిప్పుకుని నవ్వింది. మాస్టారు అప్పటికప్పుడు బావమరిదిని పంపించేసి, వేరేవాళ్ళతో ఇల్లు కట్టించారు. అది మొదలు ఇంటికొచ్చిన ప్రతివాడికీ గోడలు తట్టి చూపిస్తూ, "ఒక్క గీటుందేమో వెతకండి!" అంటూనే ఉన్నారు. ఇప్పుడు వాడొచ్చి ఈ పగులులో వేలు పెట్టి నవ్వాలా?

"వాడి పలుగు నా స్థలంలో పడ్డరోజున ఈ విజిల్ మళ్ళీ ముట్టను! ఇది నా మాట!"

"గోడ నెత్తిన పడ్డాక ఊదుతారా ఏమిటి?" అంది భార్య. "తప్పెవరిదో, బాగుచేసేదెవరో సాయంత్రంలోగా తేల్చండి. లేకపోతే వాడికి ఫోన్ చేసేస్తా. ఈ గదిలో నేను పడుకోను."

తప్పెవరిదో మాస్టారికి గోడ చూడకముందే తెలుసు. పక్కింటి నర్సమ్మది. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి, ఈయనలాగే రిటైరైంది. ఒకరు జీవితమంతా పిల్లల్ని వరసలో నిలబెట్టారు, ఇంకొకరు రోగుల్ని వరసలో పడుకోబెట్టారు. ఒకరి మాట ఇంకొకరు వింటే ఆశ్చర్యపోవాలి గానీ, వినకపోతే ఆశ్చర్యమేముంది? రెండిళ్ళ మధ్యా మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టని సందు ఒకటి ఉంది. ఆ సందు కోసం ఇద్దరూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఇప్పుడు అందులో మడమల్లోతు నీళ్ళు నిలిచాయి.

"నర్సమ్మగారూ! మీ సందులో నీళ్ళు నిలిచి మా గోడ పగిలింది!" ప్రహరీ మీదనుంచి కేకేశారు మాస్టారు.

"మా సందా? ఎప్పటినుంచి మాస్టారూ? మొన్న నేను పూలకుండీలు పెడితే, మా సందులో ఎవరు పెట్టమన్నారని వీధిలో పారేయలేదూ?"

"అది కుండీల సంగతి. ఇది నీళ్ళ సంగతి."

"అయితే మీ సందులో మీ నీళ్ళు నిలిచి మా గోడే పగిలింది. రండి, చూపిస్తా."

ఆవిడ గోడకీ పగులుంది. దాని మీద అడ్డంగా, వరసగా, దెబ్బలకి వేసే ప్లాస్టర్లు అంటించి ఉన్నాయి.

"ఇదేమిటండీ!"

"కట్టు. మీరు నీళ్ళాపితే మానుతుంది," అందావిడ, సందువైపు చెయ్యి చూపించి. ఆ చెయ్యి చూపినవైపు వార్డులో మనుషులు పరిగెత్తేవారట. మాస్టారు మాత్రం కదల్లేదు.

ఇంటికొచ్చి ఆలోచించారు. ఆవిడ దొడ్లో నీళ్ళు పోయే తూములో రంగు పోస్తే, ఆ రంగు సందులో తేలుతుంది. తేలితే దొంగ దొరికినట్టే. బట్టలకి పెట్టే నీలిమందు సీసాలన్నీ చంకన పెట్టుకుని, నర్సమ్మ కనబడకుండా చూసి వెనకగోడ దూకారు. తూములో సీసాలన్నీ ఒంపేశారు. దొడ్లో నర్సమ్మ ఎందుకు లేదో ఆలోచించే తీరిక ఆయనకి లేదు. ఆలోచించి ఉంటే తెలిసేది. ఆవిడ సరిగ్గా అప్పుడే మాస్టారి దొడ్లో వంగి, పుండ్లు కడిగే ఊదారంగు మందు డబ్బాని ఆయన తూములో దులుపుతోంది.

రంగులైతే తేలాయి. కానీ సందులో కాదు, వీధి కాలవలో! మొదట చూసినవాడు మూలమీది సెలూన్ అతను. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి, "విషం! నీళ్ళలో విషం కలిసింది!" అని గావుకేక పెట్టాడు. ఆ కేక వీధి చివరికి చేరేసరికి ఏదో ఫ్యాక్టరీ పేలింది. పక్కవీధికి చేరేసరికి మనుషులు కూడా పడిపోయారు. అంతలో మునిసిపాలిటీవాళ్ళు వచ్చి వీధి మొత్తానికీ కుళాయిలు కట్టేశారు. ఒంటినిండా సబ్బు రాసుకున్నవాళ్ళు అలాగే బయటికొచ్చి తిట్లకి లంకించుకున్నారు.

మునిసిపాలిటీ ఇంజనీరు జీపు దిగాడు. కాలవ చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ రంగు ఎవరు పోశారు?"

మాస్టారు ఆకాశం చూశారు. నర్సమ్మ చేతిగడియారం చూసుకుంది. ఇంజనీరు అటూ ఇటూ తిరిగి సందు దగ్గర ఆగాడు.

"ఇన్ని నీళ్ళేమిటి? ఈ సందెవరిది?"

"ఆవిడది!"

"ఆయనది!"

"అంటే ఎవరిదీ కాదన్నమాట. అయితే మునిసిపాలిటీదే. ఇక్కడ నలుగురికీ పనికొచ్చేలా మరుగుదొడ్డి కట్టించేస్తాం."

"మాది!" ఇద్దరి గొంతులూ ఒక్కసారే లేచాయి. ఇన్నేళ్ళలో వాళ్ళు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. "మా ఇద్దరిదీ!" అని నర్సమ్మ సర్దింది.

"సంతోషం. మీ సందు మీరే తవ్వించుకోండి. గోడలు పడితే మాకు సంబంధం లేదు." ఇంజనీరు చేతులు దులుపుకున్నాడు.

అప్పుడు మాస్టారి భార్య కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఇంజనీరుగారూ, ఒక్క మాట. నీలం పోసింది మా ఆయన. ఊదా పోసింది నర్సమ్మగారు. ఇక్కణ్ణించి రెండూ చూశాను."

వీధి గొల్లుమంది. సబ్బు మనుషులు ముందుకి కదిలారు.

"ఆగండి, తిట్టడానికి బోలెడు టైముంది," అందావిడ. "రెండిళ్ళ రంగూ వీధిలోకే పోయింది కదా. మరి సందులో నీళ్ళు తేటగానే ఉన్నాయేం? పైగా అస్తమానం బుడగలొచ్చేవి, మీరు కుళాయిలు కట్టేశాక ఒక్కటీ రావడం లేదు."

ఇంజనీరు మొహం మాడింది. అయినా మనిషిని పంపి, కట్టేసిన నీళ్ళు మళ్ళీ వదిలించాడు. సందు మధ్యలో నీళ్ళు బుడబుడమని పైకి తన్నాయి. కిందనుంచి పోయే మునిసిపాలిటీ పైపే పగిలింది.

మాస్టారికి ఏనుగెక్కినంత సంబరమైంది. విజిల్ తీసి వీధి అదిరేలా ఊదారు. "మా సందులో మీ పైపు ఎవర్నడిగి వేశారయ్యా?"

"కడుపు కోసేముందు మేం రోగినైనా అడుగుతాం. మీరు మా స్థలం కోసి మాట మాత్రమైనా చెప్పరా?" నర్సమ్మ ఆయన పక్కకొచ్చి నిలబడింది.

"రెండు గోడలూ బాగుచేసేదాకా నీ జీపు ఇక్కణ్ణించి కదలదు!" అని మాస్టారు చక్రానికి అడ్డంగా కూర్చున్నారు. నర్సమ్మ రెండో చక్రానికి కూర్చుంది. సబ్బు మనుషులు మిగతా చక్రాలు పంచుకున్నారు. ఇందాక వీళ్ళిద్దర్నీ తన్నబోయిన వీధి ఇప్పుడు వీళ్ళ వెనకే నిలబడి అరిచింది.

ఇంజనీరు దిగొచ్చాడు. "సరే, సరే! పైపూ మేమే, గోడలూ మేమే. మా కాంట్రాక్టు మేస్త్రీని ఇప్పుడే పిలుస్తా."

మాస్టారు మీసం దువ్వుకుంటూ భార్యవైపు చూశారు. సాయంత్రం కాకముందే తేల్చేశారు, బావమరిది అవసరం లేకుండా! ఆవిడ నవ్వాపుకుంటోంది. పునాది రోజున నవ్విన నవ్వే అది.

వ్యాను వచ్చింది. అందులోంచి పలుగు భుజాన వేసుకుని బావమరిది దిగాడు.

"బాగున్నావా బావా? ఇంజనీరుగారి ఫోనొస్తే పరిగెత్తుకొచ్చా. నీ సందటగా, ఎక్కడ తవ్వమంటావ్?"

వీధంతా మాస్టారివైపే చూస్తోంది.

"ఏమండీ, పలుగు ఎవరి స్థలంలో పడుతోందో?" అంది భార్య కిటికీలోంచి.

మాస్టారు మెడలో విజిల్‌ని గుప్పిట్లో బిగించారు. సందువైపు చూశారు, పలుగువైపు చూశారు. ఏళ్ళ తరబడి చేసిన యుద్ధమంతా ఒక్కసారి మింగి, గొంతు సవరించుకున్నారు.

"నన్నడుగుతావేంరా? ఈ సందు నర్సమ్మగారిది. మొదట్నుంచీ ఆవిడదే!"

"అందరూ విన్నారుగా?" అంది నర్సమ్మ.

విన్నామంది వీధి.

సాయంత్రం మేడమీద మాస్టారి విజిల్ ఎప్పటికన్నా గట్టిగా మోగింది. కింద సందులో నర్సమ్మ పూలకుండీలు సర్దుకుంటోంది.